తెల్లకోటు చూసి మురిసిపోవద్దు, జీతం చీటీ అడుగుదాం

ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచీ ప్రతి ఏడూ పేటల్లో ఒకటే ప్రశ్న. "మా పాప బైపీసీ పాసయ్యిందండి. నర్సింగులో వెయ్యమంటారా, ఆ స్కానింగు కోర్సులో వెయ్యమంటారా? ఏది చదివితే తొందరగా నిలబడుద్దండి?" రాజోలు వైపు నుంచి, అల్లవరం, ముమ్మిడివరం నుంచి, కొత్తపేట లంకల నుంచి మన కార్యకర్తల్ని నిలేసి అడుగుతున్నారు. అడిగేవాళ్లలో కొబ్బరి దింపు కార్మికులున్నారు, ఒలుపు కార్మికులున్నారు. కువైట్‌లో పరాయి ఇళ్లలో అంట్లు తోమి ఫీజు డబ్బు పంపే తల్లులున్నారు.

"ఏదైనా మంచిదేలెండి" అని చెప్పి పంపించెయ్యడం తేలిక. కానీ అది ద్రోహం. ఆ తల్లి పంపే డబ్బు ఒక్క కోర్సుకే సరిపోతుంది. తప్పు కోర్సులో, దొంగ కాలేజీలో పోస్తే మళ్లీ పొయ్యడానికి ఉండదు. పెద్ద కులాల పిల్లాడికి ఒక కోర్సు పోతే ఇంకో కోర్సు ఉంటుంది, అదీ పోతే చేను ఉంటుంది, మామయ్య గారి షాపు ఉంటుంది. మన పిల్లకు వెనక్కి వస్తే పేట ఒక్కటే ఉంది. అందుకే ఈ సంచికలో ఉపన్యాసం పక్కనపెట్టి లెక్కలు మాట్లాడుకుందాం. లెక్కల్లోనే కులం కూడా కనపడుతుంది.

ముందు నర్సు పని మనదాకా ఎలా వచ్చిందో పిల్లలకు చెప్పాలి. చీము, నెత్తురు, మలమూత్రాలు ముట్టుకుంటే మైల అన్న దేశం ఇది. పురుడు పోసే పనినీ, మైలగుడ్డలు ఉతికే పనినీ కింది కులాల ఆడవాళ్ల నెత్తిన పెట్టిన దేశం ఇది. మిషన్ ఆస్పత్రులు వచ్చినప్పుడు రోగి మంచం పక్కన నిలబడే పనికి పెద్దిళ్ల ఆడపిల్లలు రాలేదు. మన ఆడపిల్లలు వెళ్లారు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ దాటి నర్సాపురం మిషన్ ఆస్పత్రికి వెళ్లారు. భీమవరం, రాజమండ్రి లూథరన్ ఆస్పత్రులకు వెళ్లారు. ఊరి నూతి దగ్గరికి రానివ్వని చెయ్యే వాళ్ల జ్వరం చూడ్డానికి కావాల్సి వచ్చింది. ఆ జీతాలతోనే మన పేటల్లో మొదటి పెంకుటిళ్లు లేచాయి, తమ్ముళ్లు చదువుకున్నారు. ఇవాళ మన పేటల్లో నర్సమ్మ లేని వీధి వెతకాలి. అదే ఎక్స్‌రే తీసేవాళ్లు, సీటీ నడిపేవాళ్లు మనలో ఎవరున్నారంటే తడుముకోవాల్సి వస్తుంది.

అందుకే కొంతమంది కుర్రాళ్లు అంటున్నారు: "ఇంకా ఎన్నాళ్లు పుళ్లు కడుగుతాం? మెషిన్ దగ్గరికి పోదాం" అని. ఆ కోరిక న్యాయమైందే. మనల్ని మైలకు కట్టేసి, యంత్రాన్ని తమ దగ్గర పెట్టుకున్న సమాజం మీద కోపం అది. కానీ కోపంతో కోర్సు ఎంచుకోకూడదు. జీతం చీటీ చూసి ఎంచుకోవాలి.

ఇప్పుడు చీటీలు చూద్దాం. 2024లో రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డులు పారామెడికల్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చాయి. మొత్తం 1,376 పోస్టులు. అందులో నర్సింగ్ సూపరింటెండెంట్ పోస్టులు 713. రైల్వేలో స్టాఫ్ నర్సును ఇప్పుడు పిలిచే పేరు అది. మొదటి మూలవేతనం 44,900 రూపాయలు. అదే నోటిఫికేషన్‌లో రేడియోగ్రాఫర్, అంటే ఎక్స్‌రే టెక్నీషియన్ పోస్టులు 64. మూలవేతనం 29,200. ఒకే ఆస్పత్రి, ఒకే రోగి, ఒకే యజమాని. మూలవేతనంలోనే నెలకు 15,700 తేడా. దీనిమీద కరువుభత్యం, ఇంటద్దె వేసుకుంటే తేడా ఇంకా పెరుగుతుంది. పైగా కేంద్ర ప్రభుత్వ నర్సులకు ఏడో వేతన సంఘంతో నర్సింగ్ అలవెన్సు నెలకు 7,200 అయ్యింది.

పోస్టుల సంఖ్య కూడా చూడండి. 713 పోస్టుల్లో నూటికి 15 లెక్కన ఎస్సీలకు 107 దాకా వస్తాయి. 64 పోస్టుల్లో తొమ్మిదో పదో వస్తాయి. దేశం మొత్తం మీద! రోస్టరు ప్రకారం ఒకటి అటూ ఇటూ కావచ్చు. కానీ వంద గుమ్మాలున్న ఇంటికీ, పది గుమ్మాలున్న ఇంటికీ తేడా తెలుస్తూనే ఉంది. మన రాష్ట్రాల్లోనూ అంతే. తెలంగాణ ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో ఒక్కసారే 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది, 36,750 రూపాయలతో మొదలయ్యే స్కేలుతో. ఎక్స్‌రే పోస్టులు అన్నేసి వేలు ఒక్కసారి ఎక్కడా రావు. ఎందుకంటే పల్లెటూరి పీహెచ్‌సీలో నర్సు లేకుండా పని నడవదు. ఎక్స్‌రే యంత్రం మాత్రం అమలాపురం, రాజోలు, కొత్తపేట లాంటి పెద్ద ఆస్పత్రి దగ్గరే ఉంటుంది. మెషిన్ ఎక్కడుంటే అక్కడే కదా దాన్ని నడిపే మనిషికి ఉద్యోగం!

ఇంకో సంగతి గమనించాలి. ఈ తేడా మొదట్నుంచీ ఇంత లేదు. అయిదో వేతన సంఘం రోజుల్లో రైల్వే స్టాఫ్ నర్సు మూలవేతనం 5,000తో మొదలయ్యేది, రేడియోగ్రాఫర్‌ది 4,500తో. తేడా అయిదొందలు. ఆరో వేతన సంఘం వచ్చేసరికి నర్సు గ్రేడ్ పే 4,600కి ఎక్కింది, రేడియోగ్రాఫర్ 2,800 దగ్గర ఉండిపోయాడు. ఏమైంది మధ్యలో? నర్సులు వేల సంఖ్యలో ఉన్నారు, సంఘాలు పెట్టుకున్నారు, వేతన సంఘాల ముందు ఏళ్ల తరబడి తమ పని విలువ వాదించారు. ఎక్స్‌రే వాళ్లు ఆస్పత్రికి ఒక్కరుగా, చీకటి గదిలో చెల్లాచెదురుగా ఉండిపోయారు. తెలివితేటల తేడా కాదిది, సంఘటిత శక్తి తేడా. బాబాసాహెబ్ చదువుతో ఆగకుండా సంఘటితం కమ్మన్నది ఎందుకో ఈ రెండు చీటీలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

అయితే ఈ లెక్క సర్కారు గుమ్మం దాటగానే తలకిందులవుతుంది. ప్రైవేటు ఆస్పత్రికి రండి. ఎక్స్‌రే, స్కానింగు గదిలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. వార్డుల్లో నర్సులు ముప్పైమంది ఉంటారు. టెక్నీషియన్ ఒక్కడు మానేస్తే మెషిన్ ఆగుతుంది, మెషిన్ ఆగితే ఆ పూట ఆదాయం ఆగుతుంది. అందుకని సీటీ, ఎంఆర్ఐ నడపడంలో చెయ్యి తిరిగినవాణ్ణి యజమాని కాస్త పెంచి అయినా నిలబెట్టుకుంటాడు. నర్సు మానేస్తే? ఇంకో కాలేజీ నుంచి ఇంకో పిల్ల వస్తుందిలే అనుకుంటాడు. బిల్లు కాగితం చూడండి. స్కానింగుకు వేరే గీత, వేరే రేటు ఉంటుంది. రాత్రంతా మేలుకుని సెలైన్లు మార్చిన నర్సు పని చాలాచోట్ల గది అద్దెలో కలిసిపోతుంది. "నర్సింగ్ చార్జీలు" అని రాసి వసూలు చేసినా అది ఆమె చేతికి రాదు. పదివేలకు, పన్నెండు వేలకు పన్నెండు గంటల నైటు డ్యూటీ చేస్తున్నామని మన పిల్లల నోటే వింటున్నాం. మూడేళ్లు, నాలుగేళ్లు చదివిన చదువుకు అదీ కూలి!

ఇది న్యాయం కాదని మనం ఒక్కళ్లమే అనడం లేదు. నర్సుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు 2016 జనవరిలో కేంద్రాన్ని కమిటీ వెయ్యమంది. ఆ కమిటీ చెప్పింది మన కార్యకర్తలు కంఠతా పట్టాలి. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆస్పత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. 100 పడకలు దాటితే పదిశాతం కంటే తగ్గించకూడదు. 50 నుంచి 100 పడకలుంటే పాతికశాతం కంటే తగ్గించకూడదు. 50 లోపు పడకలున్న చిన్న ఆస్పత్రి అయినా 20,000కు తగ్గకూడదు. ఇది సిఫారసే. అమలు చెయ్యాల్సింది రాష్ట్రాలు. కేరళలో అది ఊరికే రాలేదు. అక్కడి నర్సులు యునైటెడ్ నర్సెస్ అసోసియేషన్ పెట్టుకుని రోడ్డెక్కారు, సమ్మెలు చేశారు. 2018లో ఆ ప్రభుత్వం చేత 20,000 కనీస వేతనం ప్రకటింపజేశారు. మన దగ్గర ఆ కాగితం సంగతి తెలిసిన నర్సులు ఎంతమంది? తెలియకపోతే ఎవరు అడుగుతారు? అడగకపోతే ఎవరు ఇస్తారు?

ఇమేజింగ్ సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. రెండేళ్ల డిప్లొమా ఉంది, డీఎంఐటీ అంటారు. డిగ్రీ కూడా ఉంది. జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు అయితే డిప్లొమా రెండేళ్లలో చేతికొస్తుంది. ఇంట్లో ఆకలి తొందరపెడుతున్నవాళ్లకు అది చిన్న విషయం కాదు. పనిలో నర్సుకున్నన్ని నైట్లు ఉండవు, నడుము విరిగేలా రోగుల్ని ఎత్తే పని తక్కువ. ఎక్స్‌రే దగ్గర ఆగకుండా సీటీ, ఎంఆర్ఐ, క్యాథ్‌ల్యాబ్, క్యాన్సర్ రేడియేషన్ చికిత్స దాకా నేర్చుకుంటే కాకినాడ, విశాఖ, హైదరాబాదుల్లో పని దొరుకుతుంది. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం చేసింది. నర్సులకు 1947 నుంచీ కౌన్సిల్ చట్టం ఉంటే, వీళ్ల వృత్తికి దేశం మొత్తానికీ ఒక చట్టం ఇన్నాళ్లకు వచ్చింది. ఇకముందు రిజిస్ట్రేషన్ గట్టిపడే కొద్దీ గుర్తింపు లేని సర్టిఫికెట్లు చిత్తుకాగితాలవుతాయి. ఇప్పుడు చేరే పిల్లలు ఇది గుర్తుంచుకోవాలి.

ఒక అపోహ కూడా తొలగించాలి. "స్కానింగు కోర్సు చేస్తే గర్భిణులకు స్కానింగు తీసుకోవచ్చు, సెంటరు పెట్టుకోవచ్చు" అని బ్రోకర్లు చెబుతున్నారు. పచ్చి అబద్ధం. లింగనిర్ధారణ నిషేధ చట్టం 1994లో వచ్చింది. ఆ చట్టం కింద గర్భిణులకు అల్ట్రాసౌండ్ చేసే అధికారం అర్హత ఉన్న డాక్టరుకే. టెక్నీషియన్ సొంతంగా చేస్తే జైలు. ఆ మాట చెప్పి డబ్బు గుంజేవాణ్ణి గుమ్మం ఎక్కనివ్వొద్దు.

ఇక ఒంటి సంగతి. ఎక్స్‌రే, సీటీ గదుల్లో కంటికి కనపడని కిరణం ఉంటుంది. ఎంఆర్ఐలో, అల్ట్రాసౌండ్‌లో ఆ కిరణం ఉండదు. 2004 నాటి రేడియేషన్ రక్షణ నియమాల ప్రకారం అక్కడ పనిచేసేవాళ్ల ఛాతీ మీద టీఎల్‌డీ బ్యాడ్జి ఉండాలి. ఒంటికి ఎంత కిరణం తగిలిందో లెక్క పట్టే బిళ్ల అది. మూడు నెలలకోసారి దాన్ని పరీక్షకు పంపాలి. అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్టులు దాటకూడదు. సీసం ఏప్రాను ఇవ్వాలి. కడుపుతో ఉన్న టెక్నీషియన్ ఆ సంగతి చెప్పిన వెంటనే పని మార్చి బిడ్డను కాపాడాలి. బ్యాడ్జి ఖర్చని ఎగ్గొట్టే యజమానులుంటారు. బ్యాడ్జి ఇవ్వని చోట మన పిల్లాడు మెషిన్ మీట నొక్కకూడదు. అలాగే నర్సుకు సూది గుచ్చుకుంటే రోగి జబ్బు ఆమెకు రావచ్చు. హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ డ్యూటీ మొదలెట్టకముందే పడాలి. ఖర్చు ఆస్పత్రిదే కావాలి. ఒళ్లు అమ్ముకోవడానికి కాదు మనం పనికి పోయేది.

పరాయిదేశాల సంగతి చెప్పకుండా కోనసీమలో ఏ లెక్కా పూర్తికాదు. కువైట్, బహ్రెయిన్, మస్కట్‌లకు మన ఆడవాళ్లు ఇంటిపనికి పోతున్నారు. అదే విమానంలో నర్సు రిజిస్ట్రేషన్, రెండేళ్ల అనుభవం చేతబట్టుకుని పోయే పిల్ల వేరే మనిషిగా దిగుతుంది. ఆమెకు డ్యూటీ గంటలుంటాయి, గది ఉంటుంది, పేరు ఉంటుంది. పరాయిదేశాలకు నర్సుల బాట కేరళవాళ్లు ఎప్పుడో తొక్కి రోడ్డు చేశారు. ఇమేజింగ్ వాళ్లకు అది ఇంకా కాలిబాటే, మన చదువును అక్కడ ఒప్పించుకోవడానికి తిప్పలు ఎక్కువ. కానీ ఒకటి చూడండి. బ్రిటన్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో కొత్త నర్సూ, కొత్త రేడియోగ్రాఫరూ ఒకే మెట్టు మీద మొదలవుతారు. బ్యాండ్ 5 అంటారు దాన్ని. ఏ పని ఎక్కువ, ఏ పని తక్కువ అన్నది దేవుడు రాసింది కాదనడానికి ఇంతకంటే సాక్ష్యమేముంది?

బ్రోకర్లతో మాత్రం జాగ్రత్త. కువైట్ నర్సు ఉద్యోగాలకు 19,500 తీసుకోవాల్సిన చోట 19 లక్షల 50 వేలు గుంజారని 2015లో కొచ్చిలో సీబీఐ కేసు పెట్టింది. ఆ ఏడే గల్ఫ్‌తో సహా 18 దేశాలకు నర్సుల్ని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని కేంద్రం నియమం పెట్టింది. మన రాష్ట్రానికి ఓంక్యాప్ అనే సంస్థ ఉంది. ముందు అక్కడ అడగండి, తరవాతే ఎవడి మాటైనా వినండి.

మరి ఏం చదవాలి? మా మాట సూటిగా చెబుతున్నాం. నాలుగేళ్లు ఓపిక పట్టగలిగిన పిల్లకు బీఎస్సీ నర్సింగే మేలు. సర్కారు పోస్టులు ఎక్కువ, స్కేలు ఎక్కువ. పైకి సీనియర్ నర్సింగ్ ఆఫీసరు, సూపరింటెండెంటు దాకా మెట్లున్నాయి, పాఠాలు చెప్పే దారి ఉంది. మగపిల్లలు కూడా సిగ్గుపడక్కర్లేదు. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో నూటికి 20 వాళ్లకున్నాయి. రెండేళ్లలో చేతికి పని రావాలి, మెషిన్ మీద మనసుంది అన్నవాళ్లు ఇమేజింగ్ చదవొచ్చు. కానీ ఎక్స్‌రే దగ్గర ఆగిపోకూడదు. సీటీ, ఎంఆర్ఐ ఉన్న ఆస్పత్రిలో ట్రైనింగు ఇచ్చే కాలేజీ అయితేనే చేరాలి.

చేరేముందు కార్యకర్తలు తల్లిదండ్రుల వెంట వెళ్లి నాలుగు ప్రశ్నలు అడగాలి. నర్సింగ్ కాలేజీ అయితే నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో ఈ ఏడు పేరుందా? డిప్లొమా అయితే పారామెడికల్ బోర్డు గుర్తింపు, డిగ్రీ అయితే ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం అనుబంధం ఉన్నాయా? ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా? ట్రైనింగు ఏ ఆస్పత్రిలో, అక్కడ పడకలెన్ని, మెషిన్లెన్ని? జవాబు నోటిమాటగా వద్దు, కాగితం మీద కావాలి. ఉద్యోగంలో చేరాక ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ యజమానికీ అప్పగించొద్దు. అది పాలేరుతనానికి కొత్త తాడు.

ఇంకో గాయం కూడా చెప్పుకోవాలి. మిషన్ ఆస్పత్రుల్లో నర్సు వృత్తిని నిలబెట్టిన కుటుంబాల పిల్లలే ఇవాళ సర్టిఫికెట్ దగ్గర ఆగిపోతున్నారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు పుణ్యాన క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు, బీసీ-సి. అందులో ఉన్నది ఒక్క శాతం. పేట మారలేదు, పని మారలేదు, ఊరు పిలిచే పిలుపు మారలేదు. కాగితం ఒక్కటే మారింది. ఈ అన్యాయం మీద మన పోరాటం ఆగదు.

మన డిమాండ్లు ఇవి. ప్రైవేటు ఆస్పత్రుల్లో నర్సులకు ఆ కమిటీ చెప్పిన జీతాలను రాష్ట్ర ప్రభుత్వం చట్టబద్ధం చెయ్యాలి. ఇమేజింగ్ టెక్నీషియన్లకు కూడా అదే పద్ధతిలో కనీస వేతనం కట్టాలి. కాంట్రాక్టు పేరుతో ఒకే పనికి రెండు జీతాలు ఇవ్వడం మానాలి. కోనసీమ ప్రభుత్వాస్పత్రుల్లో ఖాళీలు నింపాలి. రేడియేషన్ బ్యాడ్జి లేని ప్రతి గదికీ తాళం వెయ్యాలి. నర్సులూ టెక్నీషియన్లూ వేరువేరుగా కాకుండా ఒకే సంఘంగా నిలబడాలి. వార్డులో నర్సు, గదిలో టెక్నీషియన్ చెయ్యి కలిపితే ఆ పూట ఆస్పత్రి నడవదు. ఆ సంగతి యజమానికి తెలుసు. మనకే ఇంకా తెలియలేదు.

2022లో మన జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ అని పేరు పెడితే ఓర్వలేక మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఆ పేరు నిలబడింది. పేరు నిలబెట్టుకున్నవాళ్లం బోర్డు చూసుకుని సంతోషపడి కూర్చుంటే చాలదు. ఆ పేరున్న జిల్లాలో రాత్రంతా మేలుకున్న మన ఆడపిల్ల తెల్లారి చేతికి తీసుకునే జీతం చీటీ మీద కూడా బాబాసాహెబ్ న్యాయం కనపడాలి. అది కనపడేదాకా అడుగుదాం.

జై భీమ్!